జట్టు లేని ఆడపిల్ల ఎవరితో ఆడాలి?

2011 ఫిబ్రవరి. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో హైస్కూల్ కుస్తీ పోటీలు. మనకు క్రికెట్ ఎంతో అక్కడివాళ్లకు కుస్తీ అంత. రాష్ట్రస్థాయి పోటీలంటే రాజధాని డెమోయిన్‌లోని స్టేడియం కిటకిటలాడిపోతుంది. 112 పౌండ్ల విభాగం మొదటి రౌండ్‌లో ఒకవైపు, ఆ సీజన్‌లో 35 బౌట్లు గెలిచి నాలుగే ఓడిన కుర్రాడు. ఇంకోవైపు తొమ్మిదో తరగతి అమ్మాయి. రాష్ట్రస్థాయికి అర్హత సాధించిన మొట్టమొదటి అమ్మాయిలు ఆ ఏడాది ఇద్దరే, వాళ్లలో ఈమె ఒకరు. కానీ బౌట్ జరగలేదు. ఆడపిల్లతో ఇలా కలబడటం తన మత విశ్వాసానికి సరిపడదని చెప్పి కుర్రాడు తప్పుకున్నాడు. రిఫరీ అమ్మాయి చేయి పైకెత్తాడు. అయోవా రాష్ట్ర టోర్నీలో బౌట్ గెలిచిన మొదటి అమ్మాయిగా ఆమె పేరు రికార్డుకెక్కింది. ఒక్క పట్టు పట్టకుండానే.

ఆ తర్వాత చాలా రోజులు అమెరికాలో ఇదే చర్చ. టైటిల్ గెలిచే అవకాశాన్ని చేజేతులా వదులుకున్న కుర్రాడిది గొప్ప మనసని కొందరన్నారు. ఏళ్ల తరబడి కష్టపడి అంతదాకా వచ్చిన అమ్మాయిని ప్రత్యర్థిగా గుర్తించకపోవడం అవమానం కాదా అని ఇంకొందరు అడిగారు. రెండు మాటల్లోనూ ఎంతోకొంత నిజం ఉంది. కానీ ఇద్దరు పిల్లల మనస్తత్వాల మీద ఇంత చర్చ జరిగినచోట, పెద్దవాళ్లు జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఒకటి పక్కకు జరిగిపోయింది. ఆ అమ్మాయి అసలు అబ్బాయిల విభాగంలో ఎందుకు ఉంది? అప్పట్లో అయోవా స్కూళ్లలో అమ్మాయిలకు వేరే కుస్తీ విభాగం లేదు కాబట్టి. కుస్తీ పట్టాలంటే అబ్బాయిలతోనే పట్టాలి, లేదా మానుకోవాలి.

ఆడపిల్లలు మగపిల్లలతో తలపడ్డ కథలు ఏ దేశంవి తీసి చూసినా దాదాపు అన్నింటికీ మూలం ఇదే. సమానత్వం నిరూపించాలన్న పంతంతో బరిలోకి దిగినవాళ్లు తక్కువ. ఆడటానికి ఇంకో చోటు లేక దిగినవాళ్లే ఎక్కువ.

అమెరికా స్కూల్ కుస్తీలో ఈ మార్పు ఎలా జరిగిందో అంకెల్లోనే కనిపిస్తుంది. 1990 ప్రాంతంలో ఆ దేశం మొత్తం మీద హైస్కూల్ కుస్తీలో ఉన్న అమ్మాయిలు నూటపదిమంది చిల్లర. 1998లో హవాయి మొదటిసారిగా అమ్మాయిలకు వేరే రాష్ట్రస్థాయి పోటీ పెట్టింది. 2006లో అలాస్కాలో మికేలా హచిసన్ అనే అమ్మాయి 103 పౌండ్ల విభాగంలో అబ్బాయిలనే ఓడించి రాష్ట్ర టైటిల్ గెలిచింది. అలా గెలిచిన మొదటి అమ్మాయి ఆమే. అంతటి అయోవా కూడా 2022 దాకా ఆగి, అప్పుడు అమ్మాయిల కుస్తీని వేరే క్రీడగా గుర్తించింది. 2023-24 నాటికి దేశంలో కుస్తీ పడుతున్న హైస్కూల్ అమ్మాయిలు 64 వేలు దాటారు.

అలాస్కా అమ్మాయి విజయం వార్త అయింది, సందేహం లేదు. అయినా వేలమందిని మ్యాట్ మీదకు తెచ్చింది ఆ విజయం కన్నా వేరే విభాగం పెట్టడమే. అబ్బాయిలతో కలిసి ఆడనివ్వడం అసాధారణమైన పిల్లకు దారి చూపుతుంది. ఓ మోస్తరుగా ఆడే పిల్లకు, ఇంకా నేర్చుకుంటున్న పిల్లకు, సరదాకి వద్దామనుకునే పిల్లకు అది దారే కాదు. అబ్బాయిల్లో ఓ మోస్తరుగా ఆడేవాళ్లకు బోలెడన్ని అవకాశాలున్నప్పుడు, అమ్మాయిలకు మాత్రం జట్టులో చోటు దొరకాలంటే చిచ్చరపిడుగు అయి ఉండాలనడం ఏ లెక్కన న్యాయం?

ఇంతవరకు చెప్పింది విని, అయితే మొదటినుంచీ వేరువేరుగా పెట్టేస్తే పోలేదా అనిపించవచ్చు. అదీ అంత సులువు కాదని బేస్‌బాల్ చెబుతుంది. 1972లో న్యూజెర్సీలోని హొబోకెన్‌లో మరియా పెపె అనే 12 ఏళ్ల అమ్మాయి పిల్లల లిటిల్ లీగ్ బేస్‌బాల్‌లో మూడు మ్యాచ్‌లు ఆడింది. అమ్మాయిని ఆడిస్తే స్థానిక లీగ్ గుర్తింపు రద్దు చేస్తామని పై సంస్థ బెదిరించడంతో ఆమెను పక్కనపెట్టారు. మహిళా సంఘం కేసు వేసింది. 1973లో తీర్పు అమ్మాయిల పక్షాన వచ్చింది, 1974లో పై కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. లిటిల్ లీగ్ తలుపులు తెరిచింది. అప్పటికి పెపెకు వయసు దాటిపోయింది.

అదే 1974లో లిటిల్ లీగ్ అమ్మాయిల కోసమని సాఫ్ట్‌బాల్ విభాగం మొదలుపెట్టింది. పైకి మంచి పనే. కానీ బంతి వేరు, వేసే పద్ధతి వేరు, మైదానం కొలతలు వేరు. బేస్‌బాల్ ఆడతానని వచ్చిన పిల్లకు 'నీ ఆట అదిగో, అక్కడుంది' అని చూపించడానికి ఒక వీలు దొరికింది. యాభై ఏళ్ల తర్వాత కూడా అమెరికాలో బేస్‌బాల్ అబ్బాయిలది, సాఫ్ట్‌బాల్ అమ్మాయిలది అన్న అభిప్రాయం గట్టిగానే ఉంది. 2014 లిటిల్ లీగ్ ప్రపంచ సిరీస్‌లో మోనే డేవిస్ అనే అమ్మాయి గంటకు 70 మైళ్ల వేగంతో బంతులేసి, ఎదుటి జట్టుకు ఒక్క పరుగూ ఇవ్వకుండా మ్యాచ్ గెలిపిస్తే దేశమంతా ముక్కున వేలేసుకుంది. తలుపు తెరిచి నలభై ఏళ్లయినా లోపలికి వచ్చే అమ్మాయి వింతగానే కనిపించిందన్నమాట.

కాబట్టి వేరే విభాగం అన్నది రెండంచుల కత్తి. కుస్తీలో అది ఆటలోకి రప్పించింది. బేస్‌బాల్‌లో ఆట నుంచి మళ్లించింది. అదే ఆటను అమ్మాయిలకు ఇచ్చారా, దాన్ని పోలిన ఇంకో ఆటను చేతిలో పెట్టి పంపారా అన్నది చూడాలి.

అమెరికాలో ఈ వ్యవహారమంతా టైటిల్ నైన్ అనే 1972 నాటి చట్టం చుట్టూ తిరుగుతుంది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థల్లో ఆడ, మగ వివక్ష కూడదన్నది దాని సారాంశం. అది రావడానికి ముందు, 1971-72లో, హైస్కూల్ ఆటల్లో ఉన్న అమ్మాయిలు 3 లక్షల లోపు. 2023-24 నాటికి 34 లక్షలు. చట్టం కింద 1975లో వచ్చిన నిబంధనలు ఒక మధ్యేమార్గం పట్టాయి. ఒక ఆటలో అబ్బాయిలకే జట్టు ఉండి అమ్మాయిలకు లేకపోతే, అమ్మాయికి ఆ జట్టు సెలక్షన్స్‌కు వచ్చే హక్కుంది. కుస్తీ, బాక్సింగ్, రగ్బీ, ఐస్ హాకీ, అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటి ఒళ్లు తగిలే ఆటలకు మాత్రం మినహాయింపు. అక్కడ రానివ్వాలా వద్దా అన్నది స్కూల్ ఇష్టం. అందులోనే ఇంకో మెలిక ఉంది. ఆ హక్కు, ఇంతకుముందు అవకాశాలు తక్కువగా దొరికినవాళ్లకే. మామూలు మాటల్లో చెప్పాలంటే, అమ్మాయి అబ్బాయిల జట్టులోకి రావచ్చు. 'మాకు ఈ ఆటలో జట్టు లేదు కదా' అంటూ అబ్బాయి అమ్మాయిల జట్టులోకి రావడానికి ఆ వాదన పనికిరాదు.

ఈ తేడా అన్యాయమని మొదట అనిపిస్తుంది. మసాచుసెట్స్ రాష్ట్రానికీ అలాగే అనిపించింది. 1976లో ఆ రాష్ట్ర రాజ్యాంగంలో స్త్రీపురుష సమానత్వ సవరణ చేరింది. దాని ప్రకారం, అబ్బాయిలు అమ్మాయిల జట్లలో ఆడకూడదన్న స్కూల్ క్రీడాసంఘం నియమం చెల్లదని 1979లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తేల్చేసింది. హాకీ వీరుల కథలు వింటూ పెరిగిన మనకు ఇక్కడ ఒక విషయం వింతగా ఉంటుంది. అమెరికా స్కూళ్లలో ఫీల్డ్ హాకీ అమ్మాయిల ఆట. అబ్బాయిలకు జట్లే ఉండవు. దాంతో మసాచుసెట్స్‌లో హాకీ మీద ఇష్టమున్న అబ్బాయిలు అమ్మాయిల జట్లలో చేరి ఆడుతూ వచ్చారు. అయోవా అమ్మాయి చెప్పుకోగల వాదన అక్షరాలా వీళ్లదీ: మాకు వేరే జట్టు లేదు, మేమేం చేయాలి?

2011లో ఈత పోటీల్లో గొడవ రాజుకుంది. అమ్మాయిల ఈత జట్టులో ఉన్న ఒక అబ్బాయి ప్రాంతీయ పోటీలో 50 గజాల ఫ్రీస్టైల్ మీట్ రికార్డు బద్దలుకొట్టాడు. అది అమ్మాయిల రికార్డు. ఆ తర్వాత 2023 నవంబర్‌లో ఒక హాకీ ప్లేఆఫ్ మ్యాచ్‌లో అబ్బాయి కొట్టిన షాట్ ఎదుటి జట్టు అమ్మాయి ముఖానికి తగిలి పళ్లూడాయి, ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. గ్రౌండ్‌లో అమ్మాయిల ఏడుపులు, అరుపులు వినిపించే వీడియో దేశమంతా తిరిగింది. దెబ్బ తిన్న జట్టు కెప్టెన్ క్రీడాసంఘానికి లేఖ రాసింది. మరుసటి ఏడాది ఆ స్కూల్, ఎదుటి జట్టులో అబ్బాయి ఉన్నాడని ఒక మ్యాచ్ ఆడకుండా వదులుకుంది కూడా.

ఆ అబ్బాయి తప్పు చేశాడని ఎవరూ అనలేరు. నియమం అనుమతించింది, ఆడాడు. అమ్మాయి కొట్టిన బంతికీ పళ్లూడవచ్చు, హాకీలో అది కొత్తేమీ కాదు. కానీ కాగితం మీద రెండువైపులా ఒకేలా రాసిన నియమం గ్రౌండ్‌లో ఒకేలా పనిచేయదని ఈ రెండు సంఘటనలూ చూపించాయి. అబ్బాయిల జట్టులో చేరిన అమ్మాయి తన కన్నా బలవంతులతో పోటీపడుతుంది, ఆ భారం తనే మోస్తుంది. అమ్మాయిల జట్టులో చేరిన అబ్బాయి విషయంలో భారం మోసేది ఎదుటివాళ్లు. ఇంకో అమ్మాయి జట్టులో చోటు, పతకం, కొన్నిసార్లు పళ్లు పోగొట్టుకుంటుంది. టైటిల్ నైన్ నిబంధనలు రాసినవాళ్లు ఒక చేతికి ఇచ్చి ఇంకో చేతికి ఇవ్వకపోవడం వెనుక లెక్క ఉంది. మసాచుసెట్స్ ఆ లెక్క చూసుకోకుండా సూత్రాన్ని పట్టుకుంది.

ఇదంతా ఏ వయసు పిల్లల సంగతి అన్నది తేల్చుకోకుండా మాట్లాడితే మాత్రం వాదన ఎటూ తెగదు. ఏ హైస్కూల్లోనైనా ఆరు, ఏడు తరగతుల ప్రార్థన వరుస చూస్తే సంగతి అర్థమవుతుంది. ఎత్తు ప్రకారం నిలబెడితే చివర్లో ఉండేది చాలాసార్లు ఆడపిల్లలే. ఆడపిల్లలు ఎత్తు పెరగడం 12 ఏళ్ల దగ్గర జోరందుకుంటుంది, మగపిల్లలు దాదాపు రెండేళ్లు వెనక. పదేళ్ల లోపు పరుగులోనూ ఈతలోనూ తేడా స్వల్పం. అమెరికాలో పదేళ్ల లోపు ఈతగాళ్ల మేటి సమయాలు పోల్చిన పరిశోధకులకు కొన్ని ఈవెంట్లలో అమ్మాయిలే కొంచెం ముందున్నట్టు తేలింది. 12, 13 ఏళ్లు వచ్చాక అబ్బాయిల్లో టెస్టోస్టెరాన్ పెరగడంతో కథ మారుతుంది. కండ పెరుగుతుంది, ఎముక గట్టిపడుతుంది, ఊపిరి సామర్థ్యం పెరుగుతుంది, రక్తంలో హిమోగ్లోబిన్ పెరుగుతుంది. పదిహేడు, పద్దెనిమిది నాటికి మేటి పరుగు సమయాల్లో తేడా దాదాపు పదిశాతం.

పదిశాతమంటే చిన్నదేగా అనిపించవచ్చు. ఒలింపిక్ విజేత అలిసన్ ఫెలిక్స్ 400 మీటర్ల అత్యుత్తమ సమయం 49.26 సెకన్లు. ఆ సమయాన్ని 2017 ఒక్క ఏడాదిలోనే పురుషులు, అబ్బాయిలు కలిసి 15,000 సార్లకు పైగా దాటేశారని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో లెక్కగట్టారు. వాళ్లలో హైస్కూల్ కుర్రాళ్లూ ఉన్నారు. ప్రపంచంలోనే మేటి అయిన ఆమె పరుగుకు విలువ కనిపించేది వేరే విభాగం ఉండటం వల్లే.

కాబట్టి నాలుగో తరగతి పిల్లలను ఆడ, మగ అని విడదీసి ఆడించడానికి శరీరం చెప్పే కారణమేమీ లేదు. మన దేశంలో ఫుట్‌బాల్ సమాఖ్య 2018లో మొదలుపెట్టిన గోల్డెన్ బేబీ లీగ్స్‌లో చిన్నపిల్లలు కలిసే ఆడారు. పదో తరగతి పిల్లల కుస్తీని, కబడ్డీని కలపమంటే మాత్రం అది ఆదర్శం పేరుతో చేసే అజాగ్రత్త. మధ్యలో ఉన్న ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులే చిక్కు. అక్కడ ఒకే తరగతిలో ముప్ఫై కిలోల అబ్బాయి, యాభై కిలోల అమ్మాయి ఉంటారు. ఆ వయసులో ఆడ, మగ అని చూడటం కన్నా బరువు, ఎత్తు చూసి జోడీ కట్టడం మేలు. అనుభవం ఉన్న పీఈటీలకు ఇది ఒకరు చెప్పక్కర్లేదు.

మన దగ్గర ఈ కథ కోర్టుల దాకా వెళ్లలేదు, ప్రాక్టీస్‌లోనే నడిచింది. నిజామాబాద్‌లో నిఖత్ జరీన్ బాక్సింగ్ మొదలుపెట్టిన రోజుల్లో అక్కడ గ్లౌజులు తొడిగిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. అంతకుముందు పరుగు పందేల్లో ఉండేది. అన్ని ఆటల్లో అమ్మాయిలు కనిపిస్తున్నారు, బాక్సింగ్‌లో ఎందుకు లేరని తండ్రిని అడిగింది. ఆ ఆటకు సరిపడా బలం ఆడవాళ్లకు లేదని జనం అనుకుంటారని ఆయన చెప్పడంతో పంతం పట్టింది. స్పారింగ్‌కు అమ్మాయిలు లేరు కాబట్టి అబ్బాయిలతోనే. మొదట్లో ముక్కు నుంచి రక్తం, కమిలిన కళ్లు. ఇలాగైతే పెళ్లెలా అవుతుందని తల్లి కంటతడి పెట్టుకుంది. 2011లో ఆమె జూనియర్ ప్రపంచ ఛాంపియన్, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్. ఈ పతకాలన్నీ అమ్మాయిల విభాగంలో వచ్చినవే. అబ్బాయిల దగ్గర నేర్చుకున్నది అమ్మాయిల బరిలో ఉపయోగపడింది.

మిథాలీ రాజ్‌దీ దాదాపు ఇదే దారి. సికింద్రాబాద్ సెయింట్ జాన్స్‌లో అన్నతో పాటు క్యాంపుకు వెళ్లి అబ్బాయిల నెట్స్‌లో బ్యాట్ పట్టింది. ఆమెలో ఏదో ఉందని గమనించిన కోచ్ జ్యోతిప్రసాద్, అమ్మాయిలకు శిక్షణ ఇస్తున్న సంపత్ కుమార్ దగ్గరకు పంపించారు. నెట్స్‌లో అబ్బాయిలు, ఎదగడానికి అమ్మాయిల జట్టు: రెండూ ఊళ్లోనే దొరకడం ఆమె అదృష్టం. హరియాణాలోని రోహతక్‌లో షెఫాలీ వర్మకు ఆ రెండోది లేదు. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, జబ్బుపడ్డ అన్న బదులు అతని పేరుతో పానిపట్‌లో అండర్-12 టోర్నీ ఆడింది. 2025 నవంబర్‌లో ప్రపంచ కప్ ఫైనల్‌లో 87 పరుగులు చేసి ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాక ఈ కథను అందరూ ముచ్చటగా చెప్పుకున్నారు. నిజానికి ముచ్చటపడాల్సింది ఏమీ లేదు. ఆట ఆడటానికి ఒక పిల్ల మగపిల్లాడి వేషం వేయాల్సి రావడం ఆ ఊరి పెద్దలకు సిగ్గుచేటు. రోహతక్‌లోనే సాక్షి మలిక్, బలాలీ గ్రామంలో గీతా ఫొగాట్ కూడా అబ్బాయిలతో కుస్తీ పట్టి పెరిగినవాళ్లే.

శరీరబలంతో పనిలేని ఆట ఒకటుంది కదా, అక్కడేం జరుగుతోంది? చదరంగంలో ప్రధాన విభాగం పేరే ఓపెన్, అందులో ఎవరైనా ఆడవచ్చు. 1999లో అహ్మదాబాద్‌లో జరిగిన ఆసియా అండర్-12 పోటీలో గుడివాడ అమ్మాయి కోనేరు హంపి మగపిల్లలతో ఆడి టైటిల్ గెలుచుకుంది. హంగరీకి చెందిన జుడిత్ పోల్గార్ మహిళల టైటిల్ వైపు కన్నెత్తి చూడకుండా ప్రపంచ తొలి పదిమందిలో చోటు సంపాదించింది. అయినా బాలికల విభాగం కొనసాగుతోంది, కొనసాగాలి కూడా. హాలులో వందమంది పిల్లలుంటే అమ్మాయిలు పది, పదిహేనుమంది కూడా లేనిచోట, వాళ్లలో వాళ్లకు ఒక బహుమతి, ఒక టైటిల్ ఉండటం వాళ్లను ఆటలో నిలబెడుతుంది. హంపి రెండింటిలోనూ ఆడింది. ఆ వీలు అన్ని ఆటల్లోనూ ఉండాలి: పైకి వెళ్లగలిగిన పిల్లకు పై మెట్టు, మిగతావాళ్లకు సొంత మెట్టు.

తెలుగు రాష్ట్రాల్లో స్కూల్ గేమ్స్, చాలాచోట్ల ఇప్పటికీ గ్రిగ్స్ అనే పిలిచే పోటీలు, మండలం నుంచి రాష్ట్రం దాకా బాలురకు, బాలికలకు వేరువేరుగానే జరుగుతాయి. పైన చెప్పిన లెక్క ప్రకారం ఈ ఏర్పాటు సరైనదే. చిక్కంతా అంతకు ముందు మెట్టులో ఉంది. గేమ్స్ పీరియడ్ గంట కొట్టగానే గ్రౌండ్ మధ్యభాగం మగపిల్లలది అయిపోతుంది. క్రికెట్ వాళ్లది, వాలీబాల్ నెట్ వాళ్లది. ఆడపిల్లలకు ఓ మూల త్రోబాల్, లేకపోతే రింగ్, అదీ లేకపోతే చెట్టు కింద కబుర్లు. ఇలాంటి చోట ఫుట్‌బాల్ మీద ఇష్టమున్న ఒక పిల్లకు జట్టు కట్టడానికి ఇంకో పదిమంది తోడు దొరకరు. సెలక్షన్స్‌కు ఆమె ఒంటరిగానైనా వెళ్లవచ్చు, కానీ ఏడాదంతా ఆడకుండా ఒక్కరోజు వెళ్లి ఏం చూపిస్తుంది?

అబ్బాయిల ప్రాక్టీస్‌లో ఆమెను చేర్చుకోవడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు, పీడీ గారు ఒక మాట చెబితే చాలు. తల్లిదండ్రులు ఒప్పుకుంటారా, ఊళ్లో ఏమనుకుంటారు అన్న టెన్షన్ ఉంటుంది. ఒక్క పిల్ల ఉంటే ఆ మాటలు వస్తాయి. ముగ్గురు నలుగురు ఉంటే పెద్దగా రావు. కాకపోతే ఒక ప్రమాదం ఉంది. 'మా స్కూల్లో ఆడపిల్లలకూ అవకాశమిస్తున్నాం, చూడండి, ఆ అమ్మాయి అబ్బాయిలతో ఆడుతోంది' అని ఒక్క పిల్లను చూపించి చేతులు దులుపుకోవడం. ఆ పిల్ల పదో తరగతి అయ్యి వెళ్లిపోయిందంటే ఆ స్కూల్లో ఆడపిల్లల ఫుట్‌బాల్ అంతటితో సరి.

ఇంకో సంగతి చర్చల్లో పెద్దగా వినపడదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో బాగా ఆడుతున్న ఆడపిల్ల హఠాత్తుగా మానేసిందంటే కారణం చాలాసార్లు అబ్బాయిలూ కాదు, ఆట కష్టమవడమూ కాదు. జిల్లా కేంద్రంలో రెండు రోజుల పోటీ, వెంట వచ్చే టీచరమ్మ లేదు, అక్కడ బట్టలు మార్చుకునే గది లేదు, బాత్రూమ్ తలుపుకు గడియ లేదు. పిల్లను పంపమని అడగడానికి వచ్చిన సారుతో తల్లి మొదట అడిగేది ఈ మూడింటి గురించే.